కాలేజీ బాస్కెట్‌బాల్ అసిస్టెంట్ కోచ్: అమెరికాలో కెరీర్, ఢిల్లీలో గౌరవ వేతనం

1995 జనవరి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ హెడ్ కోచ్ మైక్ షెషెవ్‌స్కీ వెన్ను ఆపరేషన్ తర్వాత సరిగ్గా కోలుకోకుండానే పనిలోకి దిగి, చివరకు సీజన్ మధ్యలో సెలవుపై వెళ్లిపోయారు. అప్పటికి జట్టు 12 మ్యాచ్‌లు ఆడి 9 గెలిచింది. మిగిలిన 19 మ్యాచ్‌ల బాధ్యత 1983 నుంచి ఆయన పక్కన పనిచేస్తున్న అసిస్టెంట్ కోచ్ పీట్ గాడెట్ మీద పడింది. వాటిలో 4 గెలిచారు, 15 ఓడారు. షెషెవ్‌స్కీ 2022లో రిటైరయ్యే నాటికి 1,202 విజయాలతో పురుషుల డివిజన్-1 చరిత్రలో అందరికంటే ముందున్నారు. 1995 నాటి ఆ 15 ఓటములు మాత్రం ఆయన లెక్కలోకి రావు. అవి అసిస్టెంట్ పేరు మీదే నమోదై ఉన్నాయి.

అదే గాడెట్ 2011లో భారత మహిళల జట్టుకు కోచ్‌గా వచ్చారు. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య అప్పట్లో ఢిల్లీ నుంచి నడిచేది. 2010లో ఐఎంజీ-రిలయన్స్‌తో ఒప్పందం కుదరడంతో విదేశీ కోచ్‌లను తెచ్చుకునే స్తోమత దానికి వచ్చింది. పురుషుల జట్టుకు ఎన్‌బీఏలో పనిచేసిన కెనీ నాట్, మహిళల జట్టుకు గాడెట్. జీవితంలో ఎక్కువ భాగం ఒకరి పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషిని ఒక దేశం తన జాతీయ జట్టుకు హెడ్ కోచ్‌గా పెట్టుకుందంటే, ఆ పక్క కుర్చీకి అమెరికాలో ఉన్న విలువ ఏమిటో అర్థమవుతుంది.

ఇంచుమించు అదే కాలంలో ఒక భారతీయురాలు ఎదురు దిశలో ప్రయాణించారు. భారత మహిళల జట్టుకు కెప్టెన్‌గా 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడలకు వెళ్లిన దివ్యా సింగ్, 2008లో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదవడానికి అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చదువుతూనే అక్కడి మహిళల జట్టులో ఇంటర్న్ హోదాలో అసిస్టెంట్ కోచ్ పని చేశారు.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ కాలేజీ కోర్టుల్లో ఆడుతున్న కుర్రాళ్లలో చాలామందికి డిగ్రీ చివరి సంవత్సరం వచ్చేసరికి ఒక సంగతి తెలిసిపోతుంది: ఆటగాడిగా ఇక పైకి వెళ్లే దారి లేదు. ఆటను వదల్లేనివాళ్లకు తర్వాత తట్టేది కోచింగ్. ఒక కాలేజీ జట్టులో అసిస్టెంట్‌గా చేరి, పని నేర్చుకుని, పదేళ్లలో హెడ్ కోచ్ కావాలనుకోవడం వింత కోరికేమీ కాదు. కానీ ఆ దారిలో మొదటి మెట్టు ఢిల్లీలో ఎక్కడుంది?

పక్క కుర్చీలో మనిషి ఏం చేస్తాడు?

టీవీలో మ్యాచ్ చూసేవాళ్లకు అసిస్టెంట్ కోచ్ అంటే టైమ్ అవుట్‌లో హెడ్ కోచ్ చేతికి బోర్డు అందించే మనిషి. నిజానికి మ్యాచ్ జరిగే 40 నిమిషాలు ఆ ఉద్యోగంలో చాలా చిన్న ముక్క. అమెరికన్ కాలేజీ జట్టులో రాబోయే ప్రత్యర్థులను అసిస్టెంట్లు పంచుకుంటారు. ఎవరి వంతుకు వచ్చిన జట్టు పాత మ్యాచ్‌ల వీడియోలు వాళ్లు గంటల తరబడి చూస్తారు. ఎవరు ఎడమ చేత్తో మాత్రమే డ్రిబుల్ చేస్తారు, ఆఖరి నిమిషంలో బంతి ఎవరి చేతికి వెళ్తుంది, ఏ సైగకు ఏ ప్లే నడుస్తుంది అన్నది రాసుకుని, జట్టు చేత దానికి విరుగుడు ప్రాక్టీస్ చేయిస్తారు. ఒకరు పొడగరి ఆటగాళ్లను చూసుకుంటే మరొకరు గార్డులను చూసుకుంటారు. ఉదయం షూటింగ్ ప్రాక్టీసు, మధ్యాహ్నం ఆటగాళ్లు క్లాసులకు వెళ్తున్నారా లేదా అన్న వాకబు, రాత్రి హైస్కూలు కుర్రాళ్లకు, వాళ్ల తల్లిదండ్రులకు ఫోన్లు.

ఆ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. దాన్ని రిక్రూటింగ్ అంటారు. హెడ్ కోచ్‌లు అసిస్టెంట్‌ను తీసుకునేటప్పుడు బంతి గురించి ఎంత తెలుసు అన్నదాని కంటే, మంచి ఆటగాళ్లను కాలేజీకి తేగలడా లేదా అన్నదే ఎక్కువగా చూస్తారని అక్కడ అందరికీ తెలిసిన మాట. ఫలానా ఊరి హైస్కూలు కోచ్‌లతో పరిచయం, ఫలానా క్లబ్బుతో స్నేహం అసిస్టెంట్ పెట్టుబడి. ఆ పెట్టుబడి ఎంత విలువైనదో చెడ్డ వైపు నుంచి కూడా బయటపడింది. 2017 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ దర్యాప్తులో ఆబర్న్, ఓక్లహామా స్టేట్, అరిజోనా, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలకు చెందిన నలుగురు కోచ్‌లు అరెస్టయ్యారు. ఎన్‌బీఏకు వెళ్లబోయే ఆటగాళ్లను కొందరు ఏజెంట్ల వైపు, ఆర్థిక సలహాదారుల వైపు మళ్లించడానికి లంచాలు తీసుకున్నారన్నది అభియోగం. నలుగురూ తర్వాత నేరం ఒప్పుకున్నారు. ఆ నలుగురిలో హెడ్ కోచ్ ఒక్కరూ లేరు, అందరూ అసిస్టెంట్ల వరసలోనివాళ్లే. ఆటగాడి ఇంటి గుమ్మం దాకా వెళ్లేది వాళ్లే కాబట్టి డబ్బు కూడా వాళ్లనే వెతుక్కుంటూ వచ్చింది.

పైకి వెళ్లే మెట్లు కూడా అక్కడ పేర్లతో సహా ఉన్నాయి. చదువుకుంటూ జట్టు వెంట తిరిగే స్టూడెంట్ మేనేజర్, పీజీ చేస్తూ పనిచేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, వీడియో కోఆర్డినేటర్, ప్రయాణాలూ బసలూ చూసే ఆపరేషన్స్ డైరెక్టర్, ఆ తర్వాత అసిస్టెంట్ కోచ్, అసోసియేట్ హెడ్ కోచ్, హెడ్ కోచ్. మార్క్ ఫ్యూ 1989లో గొంజాగా విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరి, పదేళ్ల తర్వాత 1999లో అక్కడే హెడ్ కోచ్ అయ్యారు. డ్యూక్‌లో షెషెవ్‌స్కీ వారసుడు జాన్ షాయర్‌ది ఇంకా తిన్నని దారి. 2010లో ఆటగాడిగా టైటిల్ గెలిచి, 2013లో స్పెషల్ అసిస్టెంట్‌గా తిరిగొచ్చి, 2014లో అసిస్టెంట్, 2018లో అసోసియేట్ హెడ్ కోచ్, 2022లో హెడ్ కోచ్. అందరికీ ఇలా జరగదు. డివిజన్-1లో 350కి పైగా కాలేజీలున్నాయి, కింది డివిజన్లు వేరే. ఎక్కువమంది రెండు మూడేళ్లకో ఊరు మారుతూ, హెడ్ కోచ్ ఉద్యోగం పోయినప్పుడల్లా తమదీ పోగొట్టుకుంటూ తిరుగుతారు. కొత్త హెడ్ కోచ్ తన మనుషులను తెచ్చుకుంటాడు. అయినా మెట్టు జారితే మళ్లీ ఎక్కడానికి ఇంకో కాలేజీ ఉంటుంది. పైగా 2023లో డివిజన్-1 నిబంధనలు మార్చి, ఒక్కో బాస్కెట్‌బాల్ జట్టుకు మరో ఇద్దరు కోచ్‌లను పెట్టుకునే వీలిచ్చారు. అప్పటిదాకా హెడ్ కోచ్ కాక ముగ్గురే ఉండేవారు. కొత్త ఇద్దరూ కోచింగ్ చేయొచ్చు కానీ, రిక్రూటింగ్ కోసం క్యాంపస్ దాటి వెళ్లకూడదని షరతు పెట్టారు.

16 వేల డాలర్ల కోచ్

ఇంత పద్ధతిగా కనిపించే అమెరికన్ నిచ్చెన మెట్లకు కూడా ధర కట్టింది కోర్టు గదిలోనే. దీన్ని గాడెట్ కథలోంచే చెప్పుకోవచ్చు.

ఖర్చు తగ్గించాలని, కుర్రవాళ్లకు అవకాశం ఇవ్వాలని చెప్పి ఎన్‌సీఏఏ 1992 నుంచి ఒక నిబంధన అమలు చేసింది. డివిజన్-1 బాస్కెట్‌బాల్ జట్టులో ఒక హెడ్ కోచ్, ఇద్దరు అసిస్టెంట్లు, వాళ్లతోపాటు ‘పరిమిత ఆదాయ కోచ్’ ఒకరు ఉండొచ్చు. ఆ చివరి వ్యక్తికి విద్యా సంవత్సరంలో 12 వేల డాలర్లు, వేసవిలో 4 వేల డాలర్లు, మొత్తం 16 వేలకు మించి ఇవ్వకూడదు. కొత్తవాళ్లకు మొదటి మెట్టు అని చెప్పిన ఆ కుర్చీలో చాలాచోట్ల ఏళ్ల అనుభవమున్నవాళ్లే కూర్చోవాల్సి వచ్చింది. వాళ్లలో గాడెట్ ఒకరు. డ్యూక్ 1991, 1992లలో జాతీయ టైటిళ్లు గెలిచినప్పుడు శిక్షణ బృందంలో ఉన్న మనిషి ఆయన. అంతకుముందు ఆర్మీ అకాడమీ జట్టుకు హెడ్ కోచ్‌గా కూడా చేశారు. 1995లో హెడ్ కోచ్ లేని జట్టును భుజాన వేసుకున్నప్పుడు ఆయన హోదా అదే.

నార్మన్ లా అనే కోచ్ పేరుతో నడిచిన కేసులో కోర్టులు ఈ నిబంధనను తప్పుపట్టాయి. పోటీపడాల్సిన సంస్థలన్నీ కూడబలుక్కుని జీతం ఇంతేనని నిర్ణయించడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని 1998లో అప్పీలు కోర్టు కూడా తేల్చింది. 1999లో ఎన్‌సీఏఏ 5.45 కోట్ల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. ఇప్పుడు పెద్ద కాన్ఫరెన్సుల్లో అసిస్టెంట్ల జీతాలు ఏడాదికి లక్షల డాలర్లలో ఉంటాయి. చిన్న కాలేజీల్లో మాత్రం ఇప్పటికీ అరకొర జీతానికి రెండు పనులు చేసేవాళ్లున్నారు.

గాడెట్ డ్యూక్ వదిలాక మహిళల బాస్కెట్‌బాల్‌కు మారారు. జిమ్ ఫాస్టర్ దగ్గర మొదట వాండర్‌బిల్ట్‌లో, తర్వాత ఒహాయో స్టేట్‌లో అసిస్టెంట్‌గా చేశారు. అక్కడి నుంచి భారత్. ఆ అసిస్టెంట్ అనుభవాన్నంతా ఇక్కడ కాలేజీ వ్యవస్థలో ఎవరికైనా అప్పగించాలంటే, తీసుకోవడానికి ఆ పోస్టులో ఎవరూ లేరు.

ఢిల్లీ కాలేజీలో ఆ కుర్చీ ఎవరిది?

తెలుగు రాష్ట్రాల్లో చదివినవాళ్లకు పీడీ సార్ తెలిసే ఉంటారు. కాలేజీలో క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, స్పోర్ట్స్ డే, జెండా వందనం అన్నీ ఆయనవే. ఢిల్లీలోనూ ఇంతే. యూజీసీ నిబంధనల్లో ఉన్నది క్రీడా డైరెక్టర్, అసిస్టెంట్ డైరెక్టర్ పోస్టులే. ఢిల్లీ విశ్వవిద్యాలయం కాలేజీల్లో ఫిజికల్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ ప్రొఫెసర్లుంటారు. ఏ ఒక్క ఆటకో కోచ్ అన్నది ఆ పోస్టుల జాబితాలోనే లేదు. ‘అసిస్టెంట్’ అనే మాట ఉంది కానీ, ఆ అసిస్టెంట్ కాలేజీలోని ఆటలన్నిటికీ పెద్దదిక్కు.

2018 నిబంధనల ప్రకారం కాలేజీ క్రీడా డైరెక్టర్ పోస్టుకు ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో 55 శాతం మార్కులతో పీజీ, నెట్ అర్హత లేదా పీహెచ్‌డీ, విశ్వవిద్యాలయ స్థాయిలోనో రాష్ట్ర, జాతీయ స్థాయిలోనో ఆడిన రికార్డు కావాలి. దీంతోపాటు దేహదారుఢ్య పరీక్ష కూడా ఉంది. 30 ఏళ్లలోపు పురుషుడు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు పరుగెత్తాలి లేదా నడవాలి. 40 ఏళ్లలోపు వాళ్లకు 1,500 మీటర్లు. పరుగు పరీక్ష ఉంది, నెట్ పరీక్ష ఉంది, కానీ ఒక జోన్ డిఫెన్స్‌ను ఎలా ఛేదించాలో వచ్చా రాదా అని అడిగేవాళ్లు లేరు. అడగాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే అది కోచ్ ఉద్యోగం కాదు. ప్రవేశ దశలోనే మూల వేతనం 57,700 రూపాయలు, పదోన్నతులు, పదవీ విరమణ ప్రయోజనాలు ఉన్న అధ్యాపక ఉద్యోగం. అందుకే కోచింగ్ మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా ముందు దీనికే ప్రయత్నిస్తారు. ఢిల్లీలో ఈ దారికి మొదలు చాలామందికి వికాస్‌పురిలోని ఇందిరాగాంధీ ఫిజికల్ ఎడ్యుకేషన్ ఇన్‌స్టిట్యూట్. 1987లో మొదలైన ఈ సంస్థ ఢిల్లీ విశ్వవిద్యాలయం పరిధిలోనిదే.

మరి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు ప్రాక్టీస్ చేయించేది ఎవరు? కాలేజీ పిలిపించుకున్న బయటి కోచ్. ఒప్పందం సీజన్‌కో, కొన్ని నెలలకో ఉంటుంది. రోజులకో సెషన్లకో లెక్కకట్టి గౌరవ వేతనం ఇస్తారు. సాయంత్రం రెండు గంటలు ఇక్కడ, తెల్లవారుజామున ఒక స్కూల్లో, ఆదివారం ఏదో హౌసింగ్ సొసైటీ కోర్టులో పిల్లల బ్యాచ్. కాలేజీకి హెడ్ కోచే ఇలా పార్ట్‌టైమ్‌గా దొరికినప్పుడు, ఆయన పక్కన మరొకరికి జీతమిచ్చే ఊసే రాదు. ఆ స్థానంలో సాధారణంగా కనిపించేది ఆ కాలేజీ జట్టులోనే ఆడి పోయిన సీనియర్. వార్మప్ చేయిస్తాడు, షూటింగ్‌కు బంతులు అందిస్తాడు, టోర్నీకి వెళ్తే కిట్లు మోస్తాడు, జూనియర్ల ఫారాలు నింపుతాడు. పని చూస్తే అమెరికాలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ చేసేదే. అక్కడ దానికి ఫీజు మాఫీ, భృతి ఉంటాయి, రెండేళ్ల తర్వాత చూపించుకోవడానికి హోదా ఉంటుంది. ఇక్కడ ‘భయ్యా’ అనే పిలుపు ఉంటుంది.

జీతం లేకపోవడం ఒక్కటే కాదు, ఉద్యోగం పెరగడానికి కావాల్సిన పని కూడా ఇక్కడ లేదు. రిక్రూటింగ్ సంగతే చూడండి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో క్రీడా కోటా సీట్లు అదనపు సీట్లు. సాంస్కృతిక కోటాతో కలిపి కాలేజీ సీట్లలో 5 శాతానికి మించవు. ట్రయల్స్ విశ్వవిద్యాలయమే ఆటలవారీగా ఒకచోట నిర్వహిస్తుంది. 2022లో సీయూఈటీ వచ్చాక ఆ పరీక్ష స్కోరుకు 25 శాతం, సర్టిఫికెట్లు, ట్రయల్స్‌కు 75 శాతం వెయిటేజీ పెట్టారు. అక్కడ వచ్చిన మెరిట్‌ను బట్టే సీటు. పైరవీలకు తావు తగ్గించడానికి ఇది మంచి పద్ధతే. మీరట్‌లోనో రోహ్‌తక్‌లోనో ఒక పొడుగు కుర్రాడిని కనిపెట్టి, ఇంటికి వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించి తెచ్చే అసిస్టెంట్‌కు మాత్రం ఇందులో పాత్ర లేదు. అమెరికాలో ఆ ఉద్యోగానికి ఆయువుపట్టు అయిన పని ఇక్కడ ఒక అడ్మిషన్ పోర్టల్ చేస్తుంది.

సీజన్ కూడా అంతే. అమెరికన్ డివిజన్-1 జట్టు నవంబరు నుంచి మార్చి దాకా సుమారు 30 మ్యాచ్‌లు ఆడుతుంది. ప్రత్యర్థిని చదవడానికి, ఓడితే సరిదిద్దుకోవడానికి వారాలుంటాయి. ఢిల్లీ కాలేజీ జట్టుకు అంతర కళాశాల టోర్నీ, కొన్ని కాలేజీ ఫెస్టుల ఆహ్వాన టోర్నీలు ఉంటాయి. ఆ తర్వాత ఎంపికైన కొద్దిమంది విశ్వవిద్యాలయం జట్టుతో భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే జోనల్ పోటీకి, అక్కడ నెగ్గితే అఖిల భారత పోటీకి వెళ్తారు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ వీటికి మరో మెట్టు చేర్చాయి. ఇవన్నీ కొన్ని రోజుల్లో ముగిసే నాకౌట్, లీగ్ టోర్నీలు. నిన్న రాత్రి ఎవరితో ఆడాలో తెలిసి ఈ ఉదయం ఆడాల్సిన చోట వీడియో కోఆర్డినేటర్ అనే ఉద్యోగం పుట్టదు.

పేరుకు ‘అసిస్టెంట్ కోచ్’ ఉంది, కానీ...

భారత్‌లో సరిగ్గా ఈ పేరుతోనే ఒక ఉద్యోగం ఉంది. భారత క్రీడా ప్రాధికార సంస్థలో, అంటే సాయ్‌లో, అసిస్టెంట్ కోచ్ అనేది కింది మెట్టు. ఆ పైన కోచ్, సీనియర్ కోచ్, చీఫ్ కోచ్. అక్కడ అసిస్టెంట్ అంటే ఎవరికో సహాయకుడని కాదు, అది జీతం శ్రేణి పేరు. అసిస్టెంట్ కోచ్ ఒంటరిగా ఒక శిక్షణ కేంద్రంలో పిల్లలందరినీ చూసుకోవచ్చు. 2021లో సాయ్ అన్ని క్రీడలకూ కలిపి 220 అసిస్టెంట్ కోచ్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. జీతం 41,420 నుంచి 1,12,400 రూపాయలు. అయితే కాంట్రాక్టు పద్ధతిలో. బాస్కెట్‌బాల్‌కు దక్కేది అందులో చిన్న వాటా, ఒలింపిక్ పతకాల ఆశ ఉన్న ఆటలదే పెద్ద పీట.

దీనికి తాళంచెవి పటియాలా. 1961లో మోతీబాగ్ ప్యాలెస్‌లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమానే కోచ్‌ల లోకంలో ‘ఎన్‌ఐఎస్’ అంటారు. ‘ఆయన ఎన్‌ఐఎస్’ అంటే ఇక అర్హతల గురించి అడగక్కర్లేదని అర్థం. డిప్లొమా ఏడాది కోర్సు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు వేరే ఉంది. ఎన్‌సీఆర్ స్కూళ్లు బాస్కెట్‌బాల్ కోచ్ కావాలని అడిగేటప్పుడు వీటిలో ఒకటి చూస్తాయి. కొత్తగా అంతర్జాతీయ సమాఖ్య ఫిబా గుర్తించే లెవెల్-1 కోచింగ్ కోర్సులు కూడా వచ్చాయి. నేర్చుకునే చోట్లకు కొరత లేదు. నేర్చుకున్నది కాలేజీ స్థాయిలో వాడే ఉద్యోగానికే కొరత.

అందువల్ల ఢిల్లీలో బాగా ఆడినవాళ్లు పాతికేళ్ల వయసులో వెతికేది కోచ్ ఉద్యోగం కాదు, ఆటగాడి ఉద్యోగం. రైల్వే, ఓఎన్‌జీసీ, సర్వీసెస్, పోలీసు విభాగాలు క్రీడాకారులను గుమస్తాలుగా, అధికారులుగా తీసుకుని తమ జట్లకు ఆడిస్తాయి. ఆట ముగిశాక ఆఫీసు కుర్చీ మిగులుతుంది. కొందరు అదే సంస్థ జట్టుకు కోచ్ అవుతారు. ఈ దేశంలో బాస్కెట్‌బాల్ కోచ్‌కు దొరికే నమ్మకమైన భద్రత ఇదే. అది కోచింగ్ వల్ల వచ్చింది కాదు, ఒకప్పుడు ఆడినందుకు వచ్చింది.

దివ్యా సింగ్ దారి

వారణాసి ఉదయ్ ప్రతాప్ కాలేజీ కోర్టులో ఆట మొదలుపెట్టిన సింగ్ అక్కచెల్లెళ్ల కథ ఎన్‌సీఆర్‌కు బాగా తెలుసు. పెద్దక్క ప్రియాంక ఎన్‌ఐఎస్ కోచ్ అయ్యారు. ప్రశాంతి, ఆకాంక్ష ఢిల్లీలో ఎంటీఎన్‌ఎల్ జట్టుకు ఆడారు. ప్రశాంతికి 2017లో అర్జున, 2019లో పద్మశ్రీ వచ్చాయి. ప్రతిమ ఢిల్లీ విశ్వవిద్యాలయానికి ఆడారు. ఆమె క్రికెటర్ ఇషాంత్ శర్మ భార్య అంటేనే చాలామంది గుర్తుపడతారు, అది వేరే విషయం. ఒకే ఇంట్లో ఆటగాడి ఉద్యోగం, కోచ్ డిప్లొమా, విశ్వవిద్యాలయ జట్టు అన్నీ ఉన్నాయి. అమెరికా కాలేజీ దారి పట్టింది దివ్య.

డెలావేర్ మహిళల జట్టుకు అప్పుడు టీనా మార్టిన్ హెడ్ కోచ్. తర్వాత డబ్ల్యూఎన్‌బీఏలో మేటిగా ఎదిగిన ఎలెనా డెలె డాన్ ఆ కాలేజీ తరఫున మొదటి సీజన్ ఆడింది 2009-10లో. 2008 నుంచి 2010 దాకా దివ్య అక్కడే ఉన్నారు. ఒక దేశానికి కెప్టెన్‌గా ఆడిన మనిషి మరో దేశంలో ఇంటర్న్‌గా మొదలవడం చిన్నతనంగా తోచవచ్చు. కానీ ఆ ఇంటర్న్ అనే మెట్టు కూడా ఆమె ఆడిన దేశంలోని కాలేజీల్లో లేదు. తిరిగొచ్చాక ఆమె 2011లో వియత్నాంలో జరిగిన ఆసియా అండర్-16 ఛాంపియన్‌షిప్‌కు వెళ్లిన భారత బాలుర జట్టుకు, 2014లో గోవాలో జరిగిన లూసోఫోనీ క్రీడలకు కోచ్‌గా పనిచేశారు. బాలుర జాతీయ జట్టుతో మహిళా కోచ్ వెళ్లడం ఇప్పటికీ అరుదే.

గమనించాల్సింది ఏమిటంటే, ఆమె అమెరికాలో నేర్చుకున్నది కాలేజీ కోచింగ్. ఇక్కడ దాన్ని వాడుకున్నది జాతీయ జట్లు, అదీ టోర్నీ ఉన్నప్పుడు. మధ్యలో ఉండాల్సిన కాలేజీ అంతస్తు ఖాళీ. కర్నాల్‌కు చెందిన మాజీ అంతర్జాతీయ క్రీడాకారిణి షిబా మగ్గాన్ ఆడాక రెఫరీ కూడా అయ్యారు, కోచ్ కూడా అయ్యారు. ఆటలోనే ఉండిపోవాలనుకునేవాళ్లు ఇక్కడ ఒకటికి రెండు పనులు నేర్చుకోవాల్సిందే.

గ్రేటర్ నోయిడా ఏం మార్చింది?

2017 మేలో గ్రేటర్ నోయిడాలోని జేపీ గ్రీన్స్‌లో ఎన్‌బీఏ అకాడమీ మొదలైంది. దాని టెక్నికల్ డైరెక్టర్‌గా వచ్చిన స్కాట్ ఫ్లెమింగ్ కెరీర్‌ను చూస్తే కోచ్ అనే వృత్తి ఎన్ని మలుపులు తిరుగుతుందో తెలుస్తుంది. ఒహాయోలోని మౌంట్ వెర్నన్ నజరీన్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో హెడ్ కోచ్‌గా చేశారు. దాన్ని వదిలి ఎన్‌బీఏ కింది లీగ్‌లోని టెక్సస్ లెజెండ్స్‌లో అసిస్టెంట్‌గా చేరారు. హెడ్ కోచ్ స్థాయి నుంచి అసిస్టెంట్‌కు దిగడం అక్కడ నామోషీ కాదు, పెద్ద లీగ్‌కు దగ్గర కావడం. అక్కడి నుంచి 2012లో భారత పురుషుల జట్టు హెడ్ కోచ్. 2014లో వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత్ 65-58తో చైనాను ఓడించినప్పుడు జట్టు ఆయన చేతిలోనే ఉంది. అకాడమీ తర్వాత మళ్లీ జాతీయ జట్టుకు వచ్చి, 2025లో జెద్దాలో జరిగిన ఆసియా కప్‌కు తీసుకెళ్లారు.

ఆటగాళ్లకు మాత్రం అకాడమీ కొత్త తలుపు తెరిచింది. అక్కడ శిక్షణ పొందిన ప్రిన్స్‌పాల్ సింగ్ 2021లో శాక్రమెంటో కింగ్స్‌తో ఎన్‌బీఏ సమ్మర్ లీగ్ టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నారు. అమాన్ సంధు న్యూజెర్సీలోని మన్మత్ విశ్వవిద్యాలయంలో చేరి డివిజన్-1కు చేరారు. అకాడమీ మహిళా శిబిరాల నుంచి వెళ్లిన హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియాగో విశ్వవిద్యాలయానికి ఆడారు. ఆటగాళ్లు అమెరికా కాలేజీలకు వెళ్తున్నారు. వాళ్లను తయారుచేసే భారతీయ కోచ్‌లు వాళ్ల వెంట వెళ్లే దారి మాత్రం ఇంకా పడలేదు.

ఇక్కడ తెలుగువాళ్లకు బాగా తెలిసిన వీసా లెక్కలు వస్తాయి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఎంఎస్‌కు వెళ్లి, దివ్యలా కాలేజీ జట్టులో పని సంపాదించడం ఎఫ్-1 వీసా మీద సాధ్యమే. సెమిస్టర్ సమయంలో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. కోచింగ్ సిబ్బంది సీజన్‌లో అంతకు రెండింతలు పనిచేస్తారు కాబట్టి, విదేశీ విద్యార్థికి అక్కడే ఒక చేయి కట్టేసినట్టు అవుతుంది. చదువయ్యాక ఓపీటీ సాధారణంగా 12 నెలలే, ఎందుకంటే కంప్యూటర్ సైన్స్‌కు ఉన్న స్టెమ్ పొడిగింపు ఈ కోర్సుకు మామూలుగా వర్తించదు. విశ్వవిద్యాలయాలకు హెచ్-1బీ లాటరీ పరిమితి లేదు, అది ఊరట. కానీ ఈ ఉద్యోగానికి ఫలానా డిగ్రీ తప్పనిసరి అని నిరూపించడం సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి నిరూపించినంత సులువు కాదు. దేశం బయట ఉన్నవారి కొత్త దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో విధించిన లక్ష డాలర్ల రుసుము ఒక చిన్న కాలేజీ ఇచ్చే అసిస్టెంట్ జీతం కంటే ఎక్కువ కావచ్చు.

ఢిల్లీలోనే ఉండాలనుకునేవాళ్లు ప్రస్తుతం చూస్తున్నది రెండు వైపులకు. ఒకటి, సోనీపత్, నోయిడా, ఫరీదాబాద్‌లలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. యూజీసీ పోస్టుల లెక్కతో పనిలేకుండా తమ ఫీజుల డబ్బుతో ఆటకో కోచ్‌ను పెట్టుకునే స్వేచ్ఛ వాటికుంది. నెల జీతం మీద బాస్కెట్‌బాల్ అసిస్టెంట్ కోచ్ అనే పోస్టు ఎన్‌సీఆర్‌లో పుడితే ముందు అక్కడే పుట్టే అవకాశముంది. రెండోది లీగ్. 2025 ఆరంభంలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో ఐఎన్‌బీఎల్ ప్రో పేరుతో 25 ఏళ్లలోపు ఆటగాళ్ల లీగ్ జరిగింది. ఢిల్లీ డ్రిబ్లర్స్‌తోపాటు హైదరాబాద్ ఫాల్కన్స్ పేరుతో మన జట్టు కూడా ఆడింది. ఇలాంటి లీగ్‌లో జట్టుకో శిక్షణ బృందం, ప్రత్యర్థిని రెండోసారి ఎదుర్కొనే షెడ్యూలు, వీడియో చూసుకోవడానికి మధ్యలో రోజులు ఉంటాయి. ఒప్పందం మాత్రం కొన్ని వారాలదే. అది ముగిశాక ఆ కోచ్ మళ్లీ వెళ్లేది తెల్లవారుజామున స్కూలు బ్యాచ్‌కే.